సున్నిత చర్మానికి ఊరటనిచ్చే పదార్థాలు

సబ్బు తగిలినా, ఎండ సోకినా, కొత్త క్రీము రాసినా మంట, దురద, చురుకు పుట్టే చర్మాన్ని సున్నిత చర్మం అంటారు. అలాంటి చర్మానికి ఉపశమనం కలిగించేందుకు క్రీములు, సీరమ్‌లు, లోషన్లలో కలిపే పదార్థాలు ఇవాళ డజన్లకొద్దీ ఉన్నాయి. సెరమైడ్లు, నియాసినమైడ్, పాంథెనాల్, సరస్వతి ఆకు సారం, ఓట్స్ పిండి, అతిమధురం, బిసబొలాల్, అలంటోయిన్, కలబంద, ఎక్టోయిన్, నత్త జిగురు వీటిలో బాగా ప్రచారంలో ఉన్నవి. కొరియా సౌందర్య సాధనాలకు ఆదరణ పెరిగాక వీటి పేర్లు మన మందుల షాపుల్లోనూ వినిపిస్తున్నాయి. అన్నీ ‘ఊరట’ పేరుతోనే అమ్ముడవుతున్నా అన్నీ ఒకే పని చేయవు. కొన్ని దెబ్బతిన్న పైపొరను బాగుచేస్తాయి, కొన్ని వాపు ప్రక్రియను అణుస్తాయి, కొన్ని తేమను పట్టి ఉంచుతాయి. చర్మానికి ఏది లోటో తెలుసుకుని దానికి తగిన పదార్థాన్ని తగిన మోతాదులో ఎంచుకుంటేనే ఫలితం ఉంటుంది.

సున్నిత చర్మం: నిర్వచనం, లక్షణాలు

దురదపై పరిశోధించే వైద్యుల సంస్థ ‘ఇంటర్నేషనల్ ఫోరమ్ ఫర్ ద స్టడీ ఆఫ్ ఇచ్’ 2017లో సున్నిత చర్మానికి ఒక నిర్వచనం ఇచ్చింది. మామూలుగా ఏ బాధా కలిగించని వాటికే మంట, చురుకు, నొప్పి, దురద, చిమచిమ వంటివి కలగడం దీని లక్షణం. ఈ బాధలకు మరో చర్మవ్యాధి కారణం కాకూడదు. పైకి చర్మం మామూలుగా కనిపించవచ్చు, ఎర్రబడనూ వచ్చు. బాధ ముఖంలో ఎక్కువగా ఉన్నా ఒంట్లో ఎక్కడైనా రావచ్చు.

చూపుకు ఏమీ కనిపించకపోవచ్చు కాబట్టి దీన్ని కొలవడం కష్టం. 1977లో ఫ్రాష్, క్లిగ్మన్ అనే పరిశోధకులు ముక్కు పక్క మడతలో లాక్టిక్ ఆమ్లం రాసి చురుకు ఎంత పుడుతుందో అడిగి తెలుసుకునే పరీక్షను రూపొందించారు. నేటికీ పరిశోధనల్లో అది వాడుకలో ఉంది. మంటకు మూలం చర్మంలోని నాడుల కొసల్లో ఉంటుంది. మిరప ఘాటుకు, 43 డిగ్రీలు దాటిన వేడికి స్పందించే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. ఈ కృషికి ఆయన 2021 నోబెల్ బహుమతిని ఆర్డెమ్ పటపూటియన్‌తో పంచుకున్నారు. సున్నిత చర్మం ఉన్నవారిలో ఇలాంటి గ్రాహకాలు చిన్న ప్రేరణకే మేల్కొంటాయని పరిశోధకులు భావిస్తున్నారు.

తెల్లని చర్మంపై ఎరుపు వెంటనే తెలుస్తుంది. చామనఛాయ, నలుపు చర్మాలపై ఆ ఎరుపు కంటికి ఆనదు. మంట తగ్గాక గోధుమరంగు మచ్చలు మిగులుతాయి. కాబట్టి మనవాళ్లు ఎరుపు కనిపించేదాకా ఆగకుండా మంటను, దురదను, బిగుసుకుపోయినట్టు అనిపించడాన్ని తొలి హెచ్చరికలుగా తీసుకోవాలి.

పైపొర నిర్మాణం

చర్మంలో అన్నిటికన్నా పైన మృతకణాలతో ఏర్పడిన పలుచటి పొర ఉంటుంది. ముఖంపైనా శరీరంలో చాలా చోట్లా దీని మందం మిల్లీమీటరులో వందో వంతు, మహా అయితే దానికి రెండింతలు. 1980ల్లో అమెరికా చర్మ శాస్త్రవేత్త పీటర్ ఇలియాస్ దీన్ని ఇటుక గోడతో పోల్చారు. కణాలు ఇటుకలైతే వాటి మధ్య ఉన్న కొవ్వులు సున్నం. ఈ కొవ్వుల్లో సగం దాకా సెరమైడ్లే. పావు వంతు కొలెస్టరాల్, మిగతాది ఎక్కువగా కొవ్వు ఆమ్లాలు. ఈ పొర బాగుంటే లోపలి నీరు ఆవిరైపోదు, బయటి రసాయనాలు నాడుల దాకా చేరవు.

ఆరోగ్యవంతమైన పైపొర కొద్దిగా ఆమ్లగుణం కలిగి ఉంటుంది. దాని పీహెచ్ 4.5 నుంచి 5.5 వరకు ఉంటుంది. మామూలు స్నానపు సబ్బు పీహెచ్ 9 నుంచి 10. ఇలాంటి సబ్బుతో పదేపదే ముఖం కడిగితే కొవ్వులు కరిగిపోతాయి, కొత్త సెరమైడ్లను తయారుచేసే ఎంజైములు మందగిస్తాయి. అందువల్ల ఎంత ఖరీదైన ఊరట క్రీము రాసినా ముఖం కడిగే పద్ధతి మారకపోతే ప్రయోజనం నిలవదు.

పైపొరను బాగుచేసేవి

సెరమైడ్లు: చర్మంలో సహజంగా ఉండే కొవ్వులివి. ఎగ్జిమా ఉన్నవారిలో తక్కువగా ఉంటాయి. క్రీముల్లో వాడేవి చాలావరకు కృత్రిమంగానో, ఈస్ట్ సాయంతోనో తయారవుతాయి. ఇలియాస్ బృందం 1990ల్లో చేసిన ప్రయోగాల్లో ఒక కీలక విషయం తేలింది. సెరమైడ్, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాల్లో ఒకటో రెండో మాత్రమే రాస్తే దెబ్బతిన్న పైపొర కోలుకోవడం ఆలస్యమైంది. మూడూ సమపాళ్లలో రాస్తే మామూలుగా కోలుకుంది. ఒకటి మిగతావాటికి మూడింతలుగా ఉన్న 3:1:1 మిశ్రమం రాస్తే ఇంకా త్వరగా కోలుకుంది. అందుకే సీసా మీద సెరమైడ్ పేరు ఒక్కటే చూస్తే చాలదు. తోడుగా కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు ఉన్నాయా అని చూడాలి.

నియాసినమైడ్: విటమిన్ బి3లో ఒక రూపం. ఇది పైపొర కణాల చేత సెరమైడ్లను ఎక్కువగా తయారుచేయిస్తుందని 2000లో జపాన్ పరిశోధకులు చూపారు. నూనె స్రావాన్ని తగ్గించడం, మచ్చలను పలచబరచడం దీని అదనపు గుణాలు. అధ్యయనాల్లో ఎక్కువగా పరీక్షించిన మోతాదు 2 నుంచి 5 శాతం. 10 శాతం సీరమ్‌లు కొందరి చర్మానికి ఊరటకు బదులు మంటనే తెచ్చిపెడతాయి.

చర్మానికి బి3తో ఉన్న బంధాన్ని దక్కన్ ప్రజలు కష్టం రూపంలో చవిచూశారు. జొన్న ప్రధాన ఆహారంగా బతికిన పేదల్లో ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగిలే పెల్లాగ్రా వ్యాధి కనిపించేది. బి3 లోపమే దానికి మూలం. హైదరాబాద్‌లోని న్యూట్రిషన్ రీసెర్చ్ ల్యాబొరేటరీస్‌లో, అంటే ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలో, సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా దీన్ని అధ్యయనం చేశారు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం దీనికి కారణం కావచ్చని 1960లో ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదనపై తర్వాత చాలా చర్చ నడిచింది. అయినా ఈ విటమిన్ కొరవడితే ముందు దెబ్బతినే అవయవాల్లో చర్మం ఒకటన్న సంగతిని ఆ పరిశోధన బలంగా ముందుకు తెచ్చింది.

పాంథెనాల్: విటమిన్ బి5కు పూర్వరూపం. చర్మంలోకి ఇంకాక పాంటోథెనిక్ ఆమ్లంగా మారుతుంది. కణాలు కొవ్వులను తయారుచేసుకోవడానికి అవసరమైన కోఎంజైమ్-ఏలో అదొక భాగం. దీనికి రెండు రూపాలున్నా ‘డి’ రూపమే పనిచేస్తుంది. ఐరోపాలో 1940ల నుంచి పసిపిల్లల ఒరుపులకు, చిన్న గాయాలకు దీని లేపనాలు వాడుతున్నారు. వాటిలో సాధారణ మోతాదు 5 శాతం. ఇది తేమను పట్టి ఉంచుతుంది, పైపొర కోలుకోవడానికీ తోడ్పడుతుంది. చాలామందికి పడుతుంది. అలర్జీ అరుదు, అయితే అసలే లేకపోలేదు.

పెట్రోలియం జెల్లీ: ఫ్యాషన్ జాబితాల్లో దీని పేరు ఉండదు గానీ ఈ వర్గంలో అన్నిటికన్నా నమ్మకమైనది ఇదే. రాబర్ట్ చీజ్‌బ్రో 1872లో దీనికి అమెరికాలో పేటెంట్ పొందారు. శుద్ధి చేసిన జెల్లీకి అలర్జీ చాలా అరుదు. చర్మం నుంచి నీరు ఆవిరైపోవడాన్ని ఇది దాదాపు పూర్తిగా ఆపగలదు. పైన పొరలా నిలవడమే గాక పైపొర కణాల మధ్యకు చేరి అక్కడ కోలుకునే ప్రక్రియకు అడ్డు రాదని కూడా పరిశోధనల్లో తేలింది. తెలంగాణ చలికాలపు పొడిగాలికి ఇది బాగా సరిపోతుంది. కోస్తా ఉక్కపోతలో ఒళ్లంతా పట్టిస్తే మాత్రం చెమటకాయలు వస్తాయి.

వాపును అణిచే మొక్కల సారాలు

సరస్వతి ఆకు: కొత్తిమీర కుటుంబానికి చెందిన ఈ తేమనేల మొక్క మన పెరళ్లలోనూ పెరుగుతుంది. కొరియా క్రీముల మీద ‘సికా’, ‘సెంటెల్లా’ అన్న పేర్లతో కనిపించేది దీని సారమే. ఆసియాటికోసైడ్, మాడెకాసోసైడ్, ఆసియాటిక్ ఆమ్లం, మాడెకాసిక్ ఆమ్లం అనే నాలుగు ట్రైటెర్పీన్లు ఇందులోని ప్రధాన గుణకారకాలు. మడగాస్కర్‌లో ఫ్రెంచి పరిశోధకులు 1940ల్లో కుష్ఠు పుండ్లపై వీటిని పరీక్షించారు. ఆ తర్వాత గాయాల లేపనాలు వచ్చాయి. గాయం మానే వేళ కొల్లాజెన్ ఏర్పడటానికి ఇవి తోడ్పడతాయనడానికి మంచి ఆధారాలున్నాయి. సున్నిత చర్మంపై జరిగిన పరీక్షలు చిన్నవి. చాలావాటిలో ఇతర పదార్థాలు కలిసే ఉన్నాయి.

కొనేటప్పుడు ఒక సంగతి గమనించాలి. ‘సెంటెల్లా నీరు 80 శాతం’ అని రాసి ఉంటే ఆ అంకె సారాన్ని కరిగించిన ద్రవానికి వర్తిస్తుంది. అందులో ట్రైటెర్పీన్లు ఎన్ని ఉన్నాయో ఆ అంకె చెప్పదు. మాడెకాసోసైడ్ వంటి శుద్ధి చేసిన పదార్థం పేరు విడిగా ఉన్న క్రీములో ఏముందో కాస్త కచ్చితంగా తెలుస్తుంది.

ఓట్స్ పిండి: మెత్తగా పొడిచేసిన ఓట్స్‌ను అమెరికాలో 1945 నుంచి స్నానపు పొడిగా అమ్ముతున్నారు. అక్కడి ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2003లో దీన్ని చర్మరక్షక పదార్థంగా గుర్తించింది. కనీస మోతాదు 0.007 శాతంగా నిర్ణయించింది. ఎగ్జిమా, పురుగుకాట్ల వల్ల కలిగే దురదకు ఉపశమనం ఇస్తుందని చెప్పుకునే అనుమతి కూడా దీనికుంది. ఓట్స్‌లోని బీటా-గ్లూకాన్ తేమను పట్టి ఉంచుతుంది, అవెనాంత్రమైడ్లు వాపును, దురదను తగ్గిస్తాయి. మొక్కల సారాల్లో ఇంత గట్టి ఆధారం ఉన్నవి తక్కువ. అయితే తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పిల్లల్లో కొందరికి ఓట్స్‌కే అలర్జీ ఏర్పడినట్టు ఫ్రాన్స్ పరిశోధకులు గమనించారు. అలాంటి పిల్లల విషయంలో వైద్యుణ్ని అడిగి వాడాలి.

అతిమధురం: దీని వేరులోని గ్లైసిరెటినిక్ ఆమ్లం చర్మంలోని కార్టిసాల్‌ను నిర్వీర్యం చేసే ఎంజైమును అడ్డుకుంటుంది. అందువల్ల శరీరం సొంతంగా తయారుచేసుకునే వాపునిరోధకం ఆ చోట ఎక్కువసేపు పనిచేస్తుంది. చైనాలో పెరిగే మరో అతిమధురం జాతి నుంచి తీసే లికోచాల్కోన్-ఏ ముఖం ఎరుపును తగ్గించే క్రీముల్లో కనిపిస్తుంది.

బిసబొలాల్: జర్మన్ కెమోమైల్ పూల నూనె నుంచీ, బ్రెజిల్‌లోని కాండేయా చెట్టు నుంచీ తీస్తారు. చిన్న మోతాదులోనే వాపును తగ్గిస్తుంది. ఇతర పదార్థాలు లోపలికి ఇంకడానికీ సాయపడుతుంది. దీనికి అనుకూలమైన ఆధారాల్లో ఎక్కువ భాగం ప్రయోగశాలలవి, చిన్న పరీక్షలవి.

మాచిపత్రి, హార్ట్‌లీఫ్: కొరియాలో ‘సుక్’ అనే పేరుతో ప్రసిద్ధమైన మొక్క, వినాయక చవితి పత్రిలో మనం వాడే మాచిపత్రి ఒకే ప్రజాతివి. హార్ట్‌లీఫ్ అనే మొక్కను మేఘాలయలో ఆకుకూరగా తింటారు. రెండింటికీ వాపును తగ్గించే గుణం ప్రయోగశాలల్లో కనిపించింది. సున్నిత చర్మంపై మనుషుల్లో జరిగిన పరీక్షలు మాత్రం కొద్దివే.

చామంతి కుటుంబం, వయ్యారిభామ

మొక్కల సారాలను ఎంచుకునే తెలుగువారు తప్పకుండా గుర్తుంచుకోవలసిన సంగతి ఇది. కెమోమైల్, కేలెండులా, ఆర్నికా, మాచిపత్రి అన్నీ చామంతి కుటుంబానివే. మన పొలంగట్లపైనా ఖాళీ జాగాల్లోనూ విపరీతంగా పెరిగే వయ్యారిభామ కూడా ఆ కుటుంబానిదే. 1950ల్లో పుణెలో తొలిసారి గుర్తించిన ఈ కలుపు మొక్క దేశమంతా పాకింది. దీనిలోని పార్థెనిన్ వంటి సెస్క్విటెర్పీన్ లాక్టోన్లు ముఖం, మెడ, మోచేతి మడతలపై మొండి దురదను తెస్తాయి. రైతులు, కూలీలు దీనివల్ల ఎక్కువగా బాధపడతారు. ఒకసారి ఈ అలర్జీ ఏర్పడితే అదే కుటుంబానికి చెందిన ఇతర మొక్కలూ పడకపోవచ్చు. చామంతులు కట్టినప్పుడు చేతులు దురదపెట్టేవారు, కలుపు తీసే కాలంలో ముఖం మండేవారు ‘సహజ’ కెమోమైల్, కేలెండులా క్రీముల జోలికి పోకపోవడం మేలు. వారికి పాంథెనాల్, సెరమైడ్లు, పెట్రోలియం జెల్లీ వంటివి అంతకన్నా సురక్షితం.

ఇతర పదార్థాలు

అలంటోయిన్: మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఈగల పురుగులు పట్టిన గాయాలు శుభ్రంగా మానడాన్ని అమెరికా శస్త్రవైద్యుడు విలియం బేయర్ గమనించారు. తర్వాత ఎముకల చీము వ్యాధికి అదే పద్ధతిలో చికిత్స చేశారు. 1935లో విలియం రాబిన్సన్ ఆ పురుగుల స్రావాల్లో అలంటోయిన్‌ను గుర్తించి, గాయం మానడంలో దాని పాత్రను వివరించారు. ఇప్పుడు దీన్ని రసాయనికంగా తయారుచేస్తున్నారు. ఎఫ్‌డీఏ అనుమతించిన మోతాదు 0.5 నుంచి 2 శాతం. ఎవరికీ పెద్దగా ఇబ్బంది పెట్టని, చవకైన పదార్థమిది.

కలబంద: గుజ్జులో 98 శాతానికి పైగా నీరే. ఎసిమానన్ అనే పాలీశాకరైడ్ తేమను పట్టి ఉంచుతుంది. ఎండకు కమిలిన చర్మానికి చల్లదనం ఇస్తుంది. ఆకు తొక్క కింద ఉండే పసుపు పాలలో అలోయిన్ ఉంటుంది. ఆ పాలను ఎండబెడితేనే ముసాంబరం వస్తుంది. ఈ పసుపు పాలు చర్మానికి మంట పుట్టిస్తాయి. పెరట్లో కోసిన మట్టను నిలువుగా ఉంచి పసుపు పాలు కారిపోయాక, గుజ్జును కడిగి వాడాలి.

ఎక్టోయిన్: ఉప్పునీటిలో బతికే సూక్ష్మజీవులు తమను తాము కాపాడుకోవడానికి తయారుచేసుకునే పదార్థం. ఈజిప్టులోని వాడీ నత్రూన్ ఉప్పు సరస్సుల బ్యాక్టీరియాపై చేసిన పరిశోధనలో 1985లో వెలుగులోకి వచ్చింది. నీటి అణువులను తన చుట్టూ నిలుపుకుని కణాల పొరలను కాపాడుతుంది. కొత్త పదార్థాల్లో దీనికున్న ఆధారాలు ఆశాజనకంగా ఉన్నాయి.

నత్త జిగురు: తోట నత్తల స్రావాన్ని శుద్ధి చేసి వాడతారు. 1990ల్లో చిలీలో క్రీముగా మొదలై కొరియాలో విస్తరించింది. తేమనిచ్చే గుణం నిజమే. అదే మేలును గ్లిజరిన్ తక్కువ ఖర్చుతో ఇస్తుంది. జంతువుల నుంచి వచ్చే వస్తువులు వద్దనుకునేవారు లేబుల్ చూసి కొనాలి.

పోలిక

ఆధారాల బలంలో పెట్రోలియం జెల్లీ, ఓట్స్ పిండి, సెరమైడ్ మిశ్రమాలు, పాంథెనాల్, నియాసినమైడ్ ముందు వరుసలో ఉంటాయి. సరస్వతి ఆకు, అతిమధురం, అలంటోయిన్, ఎక్టోయిన్ వాటి వెనుక వస్తాయి. బిసబొలాల్, కలబంద, నత్త జిగురు, మాచిపత్రి, హార్ట్‌లీఫ్‌లకు ప్రచారానికి తగ్గ పరీక్షలు ఇంకా జరగాలి.

అవసరాన్ని బట్టి చూస్తే వరుస మారుతుంది. కడగగానే బిగుసుకుపోయి పొట్టు లేచే చర్మానికి సెరమైడ్లు, పెట్రోలియం జెల్లీ నప్పుతాయి. దురద ఎక్కువైతే ఓట్స్, వేడికి ఎర్రబడి మండే ముఖానికి లికోచాల్కోన్, సరస్వతి ఆకు, జిడ్డుగా ఉంటూనే మండే ముఖానికి తక్కువ శాతం నియాసినమైడ్ మేలు. షేవింగ్, వ్యాక్సింగ్ తర్వాత పుట్టే మంటకు పాంథెనాల్, అలంటోయిన్ చాలు. ధర ఈ వరుసల్లో దేనికీ కొలమానం కాదు. బలమైన ఆధారమున్న వాటిలో చవకైనవే ఎక్కువ.

ఇంటి పదార్థాలు

నూనెలన్నీ ఒకటి కావు. కొబ్బరి నూనె ఎగ్జిమా ఉన్న పిల్లల్లో ఖనిజ నూనె కన్నా మెరుగ్గా పనిచేసిందని ఫిలిప్పీన్స్‌లో జరిగి 2014లో వెలువడిన అధ్యయనం చెప్పింది. పొద్దుతిరుగుడు నూనె పైపొరకు హాని చేయలేదనీ, ఆలివ్ నూనె దాన్ని బలహీనపరిచిందనీ 2013లో బ్రిటన్ పరిశోధకులు చూపారు. సున్నిత చర్మంపై నలుగుపిండి రుద్దితే పైపొర గీసుకుపోతుంది. పీహెచ్ 2 దగ్గర ఉండే నిమ్మరసం మంటపెట్టడమే గాక, రాసుకుని ఎండలోకి వెళితే నల్లమచ్చలు తెస్తుంది. సహజమైనదన్నంత మాత్రాన మృదువైనది కాదు.

స్టెరాయిడ్ క్రీముల ప్రమాదం

మన దగ్గర సున్నిత ముఖాలు పెరగడానికి ఒక పెద్ద కారణం స్టెరాయిడ్ క్రీముల దుర్వినియోగం. బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ కలిసిన లేపనాలను తెల్లబడటానికీ మొటిమలకూ నెలల తరబడి రాసుకునేవారు ఊరూరా ఉన్నారు. రాసినన్నాళ్లూ మంట, దురద మాయమవుతాయి కాబట్టి అదే ఊరట అనిపిస్తుంది. మానగానే ముఖం మండిపోతుంది. చర్మం పలచబడుతుంది, రక్తనాళాలు తేలుతాయి, మొటిమలు లేస్తాయి. భారత చర్మవైద్యులు దీన్ని ‘స్టెరాయిడ్ దెబ్బతీసిన ముఖం’గా వర్ణించారు. 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ లేపనాలను చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. స్టెరాయిడ్ అలవాటైన ముఖానికి సరస్వతి ఆకు, సెరమైడ్లు తోడ్పడతాయే తప్ప చికిత్స కావు. ఆ స్టెరాయిడ్ క్రీమును వైద్యుని పర్యవేక్షణలోనే మాన్పించాలి.

లేబుల్, పరీక్ష

భారత కాస్మెటిక్స్ నిబంధనలు–2020 ప్రకారం ఒక శాతం కన్నా ఎక్కువ ఉన్న పదార్థాలను పరిమాణం తగ్గే వరుసలో రాయాలి. ఒక శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని చివర ఏ వరుసలోనైనా రాయవచ్చు. ఊరట పదార్థం పేరు పరిమళ ద్రవ్యానికీ నిల్వ రసాయనాలకూ వెనుక కనిపిస్తే అది చాలా కొద్దిగా ఉండే అవకాశం ఎక్కువ. సున్నిత చర్మానికి ఎక్కువగా హాని చేసేవి సువాసనలు, మెంథాల్, పుదీనా నూనె, ఎక్కువ శాతం ఆల్కహాల్, కొన్ని నిల్వ రసాయనాలు. మిథైల్ ఐసోథియాజోలినోన్ అనే నిల్వ రసాయనాన్ని కడగకుండా ఉంచుకునే క్రీముల్లో వాడకూడదని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. ఆ నిషేధం 2017 నుంచి అమలులో ఉంది. మెంథాల్ చల్లగా అనిపిస్తుంది గానీ అది నాడులను ప్రేరేపించడమే తప్ప వాపును తగ్గించడం కాదు.

కొత్త క్రీమును ముందు మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు వారం రోజులు రాసి చూడాలి. దద్దుర్లు, దురద రాకపోతే చెవి వెనుక, ఆ తర్వాత ముఖంపై వాడవచ్చు. ఒకేసారి రెండు కొత్తవి మొదలుపెడితే ఏది పడలేదో తెలియదు.

ఎంపిక

సున్నిత చర్మానికి మొదట కావలసినవి మూడే: పీహెచ్ 5.5 దగ్గర ఉండే వాసనలేని క్లెన్సర్, తక్కువ పదార్థాలతో తయారైన తేమ క్రీము, జింక్ ఆక్సైడ్ వంటి ఖనిజ సన్‌స్క్రీన్. నెల రోజులు వీటితోనే గడిపితే చాలామందికి మంట తగ్గుతుంది. అప్పటికీ లోటు మిగిలితే ఆ లోటుకు తగిన ఒక్క పదార్థాన్ని చేర్చుకోవాలి. పది సారాలు కలిపిన సీరమ్ అంటే అలర్జీకి పది అవకాశాలు. మంట నెలకు మించి ఉన్నా, పుండ్లు పడినా, కనురెప్పలు వాచినా, పిల్లల్లో దురద నిద్ర చెడగొడుతున్నా క్రీములు మార్చుకుంటూ కూర్చోకూడదు. రోసేషియా, ఎగ్జిమా, స్పర్శ అలర్జీ పైకి సున్నిత చర్మంలాగే కనిపిస్తాయి. వాటికి వేరే చికిత్స ఉంది, అది వైద్యుని దగ్గరే దొరుకుతుంది.